తెలుగు దినపత్రికల సంపాదకులకు: పక్షం ఉంటే సంపాదకీయంలో చెప్పండి, వార్తలో కాదు

గౌరవనీయులైన సంపాదకులకు, జిల్లా ఎడిషన్లు చూసే డెస్క్ ఇన్‌ఛార్జిలకు నమస్కారం.

పంచాయతీ, మండల పరిషత్, జిల్లా పరిషత్, మున్సిపల్ ఎన్నికల్లో మీ పత్రికలు వార్తలు రాసే తీరు గురించి ఈ ఉత్తరం. ఏ పార్టీని బలపరచాలో చెప్పడానికి రాయడం లేదు. ఎవరినీ బలపరచవద్దని కోరడానికీ కాదు. బలపరచాలనుకుంటే సంపాదకీయం పేజీలో, పత్రిక పేరుతో, కారణాలు చెప్పి బలపరచండి. జిల్లా పేజీలో వార్త ముసుగు వేసి మాత్రం ఆ పని చేయకండి. నేను అడగదలచుకున్నది ఇదొక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2026 వరకే కాబట్టి ఈ మాట ఇప్పుడే చెప్పాలనిపించింది. తెలంగాణ పాఠకులకూ ఇది అంతే వర్తిస్తుంది.

గ్రంథాలయంలో అన్ని పత్రికలూ ఒకే బల్ల మీద ఉంటాయి. ఎన్నికల రోజుల్లో అక్కడ కూర్చుని ఒకే మండలం వార్తలను రెండు పత్రికల్లో పక్కపక్కన పెట్టి చదివితే, అవి రెండు వేరువేరు మండలాలేమో అనిపిస్తుంది. ఒకదాంట్లో ఫలానా అభ్యర్థి ప్రచారానికి జనం బ్రహ్మరథం పట్టారు. రెండోదాంట్లో అదే సభ ఖాళీ కుర్చీల ఫొటోగా మారింది. ఒకదాంట్లో నామినేషన్ ఉపసంహరణ ఊరి ఐక్యతకు నిదర్శనం. ఇంకోదాంట్లో అదే ఉపసంహరణ బెదిరింపుల ఫలితం. ఉపసంహరించుకున్న మనిషి ఏమన్నాడో మాత్రం రెండింట్లోనూ ఉండదు. చివరికి ‘అని పలువురు చర్చించుకుంటున్నారు’ అని ఉంటుంది. ఆ పలువురిలో ఒక్కరి పేరూ కనపడదు. రెండు పత్రికలూ చదివి, నిజం మధ్యలో ఎక్కడో ఉంటుందని ఊహించుకునే తీరిక ఎంతమందికి ఉంటుంది? చాలా ఇళ్లకు వచ్చేది ఒకటే పత్రిక. ఆ ఇంట్లో వాళ్లకు అందులో ఉన్నదే జరిగిన సంగతి.

శాసనసభ ఎన్నికల్లో పత్రిక ఒక పక్క ఒరిగినా ఓటరుకు వేరే దారులున్నాయి. న్యూస్ చానళ్లు చాలా ఉన్నాయి. నాయకుల ప్రసంగాలు ఫోన్లోనే మొదటి నుంచి చివరి దాకా వినొచ్చు. మేనిఫెస్టోలు దొరుకుతాయి. అదే మండల పరిషత్ సర్వసభ్య సమావేశానికి ఏ చానల్ కెమెరా వస్తుంది? మున్సిపల్ కౌన్సిల్ అజెండాలో అట్టడుగున పెట్టిన టెండరు అంశాన్ని ఎవరు చదువుతారు? విలేకరుల కుర్చీల్లో కూర్చున్న నలుగురైదుగురు కంట్రిబ్యూటర్లే, అంటే మండల విలేకరులే, అక్కడ జనం తరఫున చూసేవాళ్లు. వాళ్లు రాయకపోతే అది ఊరికి తెలియదు. వాళ్లు రాసింది వార్తలు దిద్దే డెస్క్‌లో మారిపోతే, మారిన సంగతీ ఊరికి తెలియదు.

ఇంత దూరం వార్తను తీసుకెళ్లింది మీరే, ఆ సంగతి మరచిపోయి మాట్లాడడం లేదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ఊళ్లో బోరు చెడిపోయిందని, అంగన్‌వాడీ గోడ కూలిందని, డీలరు తూకంలో మోసం చేస్తున్నాడని అచ్చులో రావడం అప్పటి నుంచి మామూలైంది. పేపర్లో పడిందంటే అధికారి కదిలే పరిస్థితి వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్లకే, 1993లో, 73వ, 74వ రాజ్యాంగ సవరణలు అమల్లోకి వచ్చాయి. స్థానిక సంస్థలకు ఐదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి అయింది, వాటిని నడపడానికి రాష్ట్ర ఎన్నికల సంఘాలు వచ్చాయి. చేతిలో ఓటు, ఇంటి ముందు జిల్లా పేజీ ఉన్న పల్లె ఓటరు నిజానికి చాలా బలవంతుడు కావాలి. అలా జరగకపోవడానికి ఉన్న కారణాల్లో మీ పేజీలూ ఒకటి. ఇది నాకు బాధ కలిగించే విషయం.

పత్రిక అంటే ఏ పక్షమూ లేకుండా ఉండాలని నేను అనను. మన పత్రికల చరిత్రే అలా లేదు. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక జాతీయోద్యమం పక్షాన నిలబడ్డాయి, ఆ సంగతి దాచుకోలేదు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1952లో కాంగ్రెస్ అభ్యర్థిగా వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. విశాలాంధ్ర సీపీఐ పత్రిక అని, ప్రజాశక్తి సీపీఎం పత్రిక అని కొనే ప్రతివారికీ తెలుసు. ఆ పత్రికలూ దాన్ని దాచవు. అందులో కార్మిక సంఘం సమ్మె వార్త చదివేటప్పుడు ఎవరి కళ్లతో చూసిన వార్తో తెలిసే చదువుతాం. అందులో మోసం లేదు.

పెద్ద దినపత్రికల దగ్గరే తేడా వస్తుంది. 1982లో తెలుగుదేశం పుట్టుకలో, 1983 జనవరి గెలుపులో ఈనాడు పాత్ర గురించి తెలుగు పత్రికల చరిత్ర చెప్పేవాళ్లంతా చెబుతారు. 2008 మార్చిలో సాక్షిని స్థాపించిన వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి గారు తర్వాత పార్టీ పెట్టి, 2019లో ముఖ్యమంత్రి అయ్యారు. 2011లో ఉద్యమం వేడిలో వచ్చిన నమస్తే తెలంగాణ అప్పటి టీఆర్ఎస్‌కు దగ్గరి పత్రిక. ఇవేవీ రహస్యాలు కావు. కానీ ఈ సంగతి ఏ సంపాదకీయంలోనూ ‘మేం ఫలానా పార్టీని గెలిపించమని కోరుతున్నాం, కారణాలు ఇవి’ అనే మాటగా రాదు. సంపాదకీయం సాధారణ నీతుల దగ్గర ఆగిపోతుంది. అసలు ప్రచారం పద్నాలుగో వార్డు వార్తలో, జడ్పీటీసీ అభ్యర్థి నామినేషన్ ఊరేగింపు ఫొటో కింద రాసిన రెండు వాక్యాల్లో నడుస్తుంది.

‘పాఠకులకు మా మొగ్గు ఎటో తెలుసు కదా, మళ్లీ చెప్పడమెందుకు’ అని మీలో కొందరు అనుకోవచ్చు. రాష్ట్రం సంగతిలో తెలుసు. వార్డు సంగతిలో తెలియదు. పంచాయతీ ఎన్నికలో ఒకే పార్టీ వాళ్లు ఇద్దరు, ముగ్గురు నిలబడతారు. ఒకరు ఎమ్మెల్యే మనిషి, ఒకరు పాత మండలాధ్యక్షుడి మనిషి, ఇంకొకరు టికెట్ ఎవరిస్తారని అడగకుండా సొంతంగా దిగినవాళ్లు. వాళ్లలో ఎవరి ఫొటో నాలుగు కాలమ్‌ల వెడల్పున వచ్చింది, ఎవరి పేరు ‘తదితరులు’లో కలిసిపోయింది అన్నది పత్రిక రాజకీయాన్ని బట్టి తేలదు. అక్కడ పనిచేసేవి చుట్టరికం, కాంట్రాక్టు, కులం, నిరుడు ఇచ్చిన యాడ్. మీ పత్రిక ఏ పార్టీదో తెలిసిన పాఠకుడికి కూడా ఇది అంతుపట్టదు. రాష్ట్ర స్థాయి పక్షపాతం కన్నా జిల్లా పేజీ పక్షపాతం ప్రమాదకరం అని నేను అనేది అందుకే.

పార్టీ గుర్తులు లేని ఎన్నికల్లో ఇది ఎంత దూరం పోయిందో ఒకటి గుర్తుచేస్తాను. 2021 ఫిబ్రవరి 9 నుంచి 21 వరకు ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. బ్యాలెట్ మీద ఉన్నవి ఉంగరం, కత్తెర లాంటి గుర్తులు. ప్రతి విడత తర్వాతా రెండు ప్రధాన పార్టీలు ‘మా మద్దతుదారులు ఇంతమంది గెలిచారు’ అంటూ ఒకదానికొకటి పొంతన లేని లెక్కలు ప్రకటించాయి. ఏ పత్రిక తీస్తే ఆ లెక్క. ఎన్నికల సంఘం ఇచ్చే ఫలితంలో పార్టీ పేరే ఉండదు కాబట్టి అధికారికంగా సరిచూసుకునే వీలు లేదు. సరిచూడగలిగింది ఊళ్లో ఉన్న మీ విలేకరి ఒక్కడే. గెలిచిన మనిషిని ‘మీరు ఏ పార్టీ?’ అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తే చాలు. ఏ పార్టీ కాదంటే అదీ రాయొచ్చు. అలా ఒక్కో జిల్లాకు ఒక్కో పత్రిక సొంత జాబితా వేసి ఉంటే ఆ లెక్కల గొడవ అక్కడితో తేలిపోయేది.

ఏకగ్రీవాల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. అదే ఎన్నికల ముందు, 2021 జనవరిలో, ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రోత్సాహకాలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం పత్రికల్లో పెద్ద ప్రకటనలు వేసింది. 2,000 లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, 10,000 దాటితే 20 లక్షలు. ఆ ప్రకటనల మీద అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ వివరణ అడిగారు. ప్రకటన తీసుకోవడం మీ హక్కు, దానికి నేను తప్పు పట్టను. కానీ ఏకగ్రీవమైన ఊరికి వెళ్లి, పోటీ చేయాలనుకున్నవాళ్లు ఎవరు, ఎందుకు మానుకున్నారు, పదవికి ఊళ్లో వేలం జరిగిందా, రిజర్వేషన్ స్థానమైతే ఎన్నికైనవారి వెనక ఎవరున్నారు అని అడిగిన వార్తలు ఎన్ని? ఎదుటి పార్టీ మీద దుమ్మెత్తడానికి పనికొచ్చిన ఊళ్ల గురించి మాత్రం రాశారు. మిగతా ఊళ్లలో పూలదండల ఫొటోలే మిగిలాయి. ఓటు వేసే అవకాశమే పోయిన ఊరికి కనీసం ఎందుకు పోయిందో తెలియాలి కదా.

ఇప్పుడు మీ కంట్రిబ్యూటర్ల గురించి. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

మండల విలేకరికి చాలా చోట్ల జీతం ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి లైన్ అకౌంట్ కింద ఎంతో కొంత వస్తుంది. అది పెట్రోలుకు కూడా చాలదని వాళ్లే చెబుతారు. దానికి తోడు యాడ్ల టార్గెట్ ఉంటుంది. జనవరి ఒకటికి, సంక్రాంతికి, ఆగస్టు పదిహేనుకి, దసరాకి, పత్రిక వార్షికోత్సవానికి శుభాకాంక్షల ప్రకటనలు తేవాలి. తెస్తే కమీషన్, తేకపోతే జిల్లా ఆఫీసు నుంచి ఫోన్లు, ఆ టెన్షన్. ఊళ్లో ప్రకటన ఇవ్వగలిగింది ఎవరు? సర్పంచి, ఎంపీపీ, కాంట్రాక్టరు, రైసు మిల్లు యజమాని, ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు, ఇసుక ర్యాంపు నడిపేవాళ్లు. అంటే ఎవరి మీద కన్నేసి ఉంచడం ఆ విలేకరి పనో, వాళ్ల దగ్గరికే వెళ్లి ఆయన చేయి చాపాలి. మూడు నెలల కిందట యాడ్ ఇచ్చిన సర్పంచి మళ్లీ పోటీ చేస్తున్నాడు. ఎదుటి అభ్యర్థి ఇంతవరకు ఒక్క యాడూ ఇవ్వని ఉపాధి కూలీ. ఆ విలేకరి ఎంత మంచివాడైనా, ఈ ఇద్దరి గురించీ ఒకే రకంగా ఎలా రాయగలడు?

రాసినా అది అలాగే అచ్చవుతుందన్న నమ్మకం లేదు. విలేకరి పంపింది మామూలు వార్త. డెస్క్‌లో శీర్షిక మారుతుంది, మొదటి పేరా మారుతుంది, వివరణ ఇచ్చిన మనిషి మాట చివర్నుంచి ఎగిరిపోతుంది. తెల్లారి ఊళ్లో అందరూ నిలదీసేది విలేకరినే. దాడి జరిగినా దెబ్బ తినేది ఆయనే. శీర్షిక పెట్టిన చేయి ఎక్కడో యూనిట్ ఆఫీసులో ఉంటుంది. పైన తీసుకున్న రాజకీయ నిర్ణయానికి అట్టడుగున, అసలు ఉద్యోగమే లేని మనిషి జవాబు చెప్పాల్సి రావడం అన్యాయం.

నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఫలితాలు వచ్చేదాకా వార్త రాసే మనిషి చేత యాడ్లు అడిగించకండి. ఇది చేయడానికి మీకు ఏ చట్టమూ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. ఆ నెల యాడ్ల పని మార్కెటింగ్ విభాగం చూసుకుంటుంది. టార్గెట్ రద్దయిందని విలేకరికి తెలిస్తే ఆయన రాతలో ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు.

డబ్బు తీసుకుని వార్త వేయడం గురించి మన దగ్గర కొత్తగా చెప్పాల్సింది లేదు. 2009 ఎన్నికల తర్వాత ఆ సంగతిని బయటికి లాగినవాళ్లలో మన పాత్రికేయులే ముందున్నారు. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో ఎన్నికల వార్తలను పరిశీలించి ఈ బేరం ఎలా నడిచిందో చెప్పింది. ఒక లోక్‌సత్తా అభ్యర్థి తాను డబ్బిచ్చి వార్త వేయించుకున్నానని ఒప్పుకుని, ఆ మొత్తాన్ని ఎన్నికల ఖర్చు లెక్కలో చూపారు. పత్రికల నడవడిని చూసే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు మన కె.శ్రీనివాసరెడ్డి గారు, మరొకరు పరంజయ్ గుహ ఠాకుర్తా. వాళ్ల నివేదిక పత్రికల పేర్లతో సహా రాసింది. 2010 జులైలో కౌన్సిల్ ఆ పేర్లు లేని కుదించిన నివేదికను ఆమోదించింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది. పత్రికల తప్పును పాఠకుల నుంచి దాచిపెట్టడానికి పత్రికల సంస్థ అంత పట్టుపట్టడం ఇప్పటికీ మింగుడుపడదు.

చట్టం చేయగలిగింది కూడా తక్కువే. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్ 2007 ఎన్నికల్లో రెండు హిందీ దినపత్రికల్లో వేయించుకున్న వార్తల ఖర్చు లెక్కలో చూపలేదని ఎన్నికల కమిషన్ ఆమెను మూడేళ్లు అనర్హురాలిని చేసింది. ఆ ఉత్తర్వు వచ్చింది 2011 అక్టోబరులో. అప్పటికి నాలుగేళ్లు గడిచిపోయాయి. సర్పంచి పదవీకాలమే ఐదేళ్లు. పెయిడ్ న్యూస్‌ను ఎన్నికల నేరంగా చేయాలని 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సిఫారసు చేసింది. ప్రెస్ కౌన్సిల్‌కు 1978 చట్టం ఇచ్చిన అధికారం హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే.

పైగా ఈ ఏర్పాట్లన్నీ డబ్బు చేతులు మారిందా అన్నదాని చుట్టూ తిరుగుతాయి. జిల్లా స్థాయి మీడియా పర్యవేక్షణ కమిటీలు ఒక వార్త పెయిడా కాదా అని చూస్తాయి. పెయిడ్ అని తేలితే అభ్యర్థి ఖర్చులో కలుపుతారు. మరి పత్రిక తన ఇష్టం కొద్దీ, యజమాని రాజకీయం కొద్దీ, ఒక్క రూపాయి తీసుకోకుండా నెల రోజులు ఒకే అభ్యర్థిని ఆకాశానికెత్తితే? అది ఏ లెక్కలోనూ పడదు. తెలంగాణలో 5,000 దాటిన జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచి అభ్యర్థి ఖర్చు పరిమితి 2.5 లక్షలు. కరపత్రం అచ్చు వేయించుకున్నా, మైకు పెట్టుకున్నా అందులోంచే పోవాలి. పత్రిక ఉచితంగా చేసిపెట్టే ప్రచారానికి పరిమితి లేదు. రెండు వైపులా ఒకే చట్టం కింద పోటీ చేస్తున్నామని నమ్మిన పేద అభ్యర్థికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

పోలింగ్ రోజు ఉదయం వచ్చే ఆరోపణ వార్త గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల చట్టంలో పోలింగ్‌కు ముందు ప్రచారానికి పెట్టిన 48 గంటల నిశ్శబ్దం సభలకు, టీవీలకు వర్తిస్తుంది కానీ అచ్చు పత్రికకు వర్తించదు. పంచాయతీ ఎన్నికలో పోలింగ్ జరిగిన రోజే సాయంత్రానికి ఓట్ల లెక్కింపు మొదలైపోతుంది. పొద్దున్నే ఇంటింటికీ చేరిన పత్రికలో ఒక అభ్యర్థి మీద ‘అనే విమర్శలు వినిపిస్తున్నాయి’ అని వస్తే, ఆ అభ్యర్థి వివరణ మర్నాటి పత్రికలో అచ్చయ్యేసరికి ఫలితమే వచ్చేసి ఉంటుంది. గెలుపు ఓటములు పది, ఇరవై ఓట్ల తేడాతో తేలే చోట ఇది చిన్న విషయం కాదు. ఎన్నికల వార్తల మీద 1996లో ప్రెస్ కౌన్సిల్ ఇచ్చిన మార్గదర్శకాలు అభ్యర్థుల గురించి నిష్పాక్షికంగా రాయాలని, సరిచూసుకోని ఆరోపణలు వేయవద్దని స్పష్టంగా చెబుతాయి. చివరి రెండు రోజుల్లో, ఎదుటి మనిషి వివరణ లేని ఆరోపణను ఏ పేజీలోనూ వేయబోమని మీరు ముందే ప్రకటించండి. పెద్ద నేరం బయటపడితే? ఆధారాలు ఉంటాయి కదా, వాటితో వేయండి. ఫోన్ చేసి ఆ అభ్యర్థి మాట కూడా పక్కనే వేయండి.

అభ్యర్థులను పత్రికలు బాహాటంగా బలపరిచే పద్ధతి అమెరికాలో చాలాకాలంగా ఉంది. సంపాదకీయ విభాగం వార్తా విభాగం నుంచి విడిగా పనిచేస్తుంది. అభ్యర్థులను పిలిచి మాట్లాడుతుంది, ప్రశ్నలడుగుతుంది, ఫలానా వ్యక్తికి ఓటు వేయమని కారణాలతో రాస్తుంది. మేయర్, స్కూలు బోర్డు, స్థానిక జడ్జి వంటి పదవులకు కూడా. ఎవరికీ పెద్దగా తెలియని చిన్న ఎన్నికల్లో ఆ సంపాదకీయమే చాలామందికి దొరికే సమాచారం. ఈ పద్ధతి ఇప్పుడు అక్కడే తగ్గిపోతోంది. న్యూయార్క్ ఎన్నికల్లో ఇక ఎవరినీ బలపరచబోమని 2024 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ అధ్యక్ష ఎన్నికల్లో తటస్థంగా ఉంటామంది. అది యజమాని జెఫ్ బెజోస్ నిర్ణయమని బయటపడగానే రెండు లక్షలకు పైగా చందాదారులు పత్రిక మానేశారు.

సంపాదకీయానికీ వార్తకూ తేడా పాఠకులు గమనించరని, బలపరచడం వల్ల విలేకరుల మీద కూడా అనుమానం వస్తుందని అక్కడ ఒక వాదన ఉంది. ఆ వాదనలో నిజం ఉంది. కానీ మన పరిస్థితి వేరు. ఇక్కడ విలేకరి మీద అనుమానం ఇప్పటికే వచ్చేసింది. సంపాదకీయం మౌనంగా ఉండగానే వచ్చింది. చెప్పి బలపరిస్తే మనకు ఒక లాభం ఉంది, ఆ అభిప్రాయంతో వాదించొచ్చు. ‘మున్సిపాలిటీలో ఈ పాలకవర్గాన్నే కొనసాగించాలి, తాగునీటి పైపులు వేసింది, ఆస్తి పన్ను పెంచినా వసూళ్ల లెక్క బయటపెట్టింది’ అని మీరు రాస్తే, ‘మా వీధికి పైపు రాలేదు’ అని నేను జవాబు రాయగలను. మీరు దాన్ని అచ్చు వేయొచ్చు, మానొచ్చు. కానీ వాదన ఏదో ఇద్దరికీ తెలుసు. ఖాళీ కుర్చీల ఫొటోకు నేను ఏమని జవాబు రాయాలి?

ఇది పోటీ పత్రికలు కూడా చేస్తేనే సాధ్యం అంటారేమో. ఒక పత్రిక ఆపితే రెండోది ఆపకపోవచ్చు, నిజమే. పార్టీ నాయకులు ఫోన్ చేసి ‘వాళ్లు రాస్తున్నారు, మీరెందుకు రాయరు’ అంటారు. ప్రభుత్వాల ఒత్తిడి కూడా తక్కువది కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తూ ఉత్తర్వులిస్తే, ఆ డబ్బు ఒకే పత్రికకు చేరుతోందని పోటీ పత్రిక కోర్టుకెక్కింది. ఇలాంటి వాతావరణంలో నిలబడి పనిచేయడం కష్టమని నాకు అర్థమవుతుంది. అయినా ఒక మాట. మీ పత్రిక యజమాని, ముఖ్యమంత్రి మీద వచ్చే వార్త చూస్తారు, మొదటి పేజీ చూస్తారు. పద్నాలుగో వార్డు వార్తను చూడరు. అది మీ చేతిలోనే ఉంది. మీరు మార్చగలిగినది అదే, నేను అడుగుతున్నదీ అదే.

ఓటరుకు నిజంగా కావలసిన సమాచారం ఏమిటో కూడా చెబుతాను. ఊళ్లో సర్పంచి అభ్యర్థి ఎవరో, ఏ ఇంటివారో, మనిషి ఎలాంటివాడో పత్రిక చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. తెలియనిది పంచాయతీకి ఐదేళ్లలో ఎంత డబ్బు వచ్చింది, ఎటు పోయింది అన్నది. ఆంధ్రలో 15వ ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. అదే సమస్య పత్రికల్లో ఒక చోట ప్రభుత్వ ద్రోహంగా, ఇంకో చోట అసలు లేనట్టుగా కనిపించింది. మా ఊరి ఖాతాలోంచి ఎంత పోయిందో ఎవరూ చెప్పలేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు ముగిసి, నెలల తరబడి ప్రత్యేకాధికారులే పంచాయతీలు నడిపారు. ఆ కాలంలో ఊళ్లలో ఏ పనులు ఆగాయి, మాజీ సర్పంచులకు రావలసిన బిల్లులు ఎంత? ఇవి ఊరివారీగా అచ్చయితే ఓటరు దాచుకుని చదువుకుంటాడు. ఇ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ప్రతి పంచాయతీ ఖర్చు ఉంటుంది. విలేకరికి ఒక రోజు సమయం ఇస్తే మండలంలోని పంచాయతీలన్నిటి లెక్కలూ తీసి, గ్రామసభలు ఎన్ని జరిగాయో కార్యదర్శిని అడిగి ఒక పేజీ చేయగలడు. ఆ పేజీ ఏ పార్టీకి లాభమో ముందే చెప్పలేం, అందుకే దాని మీద నాకు నమ్మకం ఎక్కువ.

యాజమాన్య వివరాల ప్రకటనను మీరు ఏటా మార్చి మొదట్లో చిన్న అక్షరాలతో ఎక్కడో మూలన వేస్తుంటారు. స్థానిక ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన రోజు దాన్ని జిల్లా ఎడిషన్ మొదటి పేజీలో, మామూలు సైజు అక్షరాలతో వేయండి. ఆ పక్కనే, ఈ ఎన్నికల్లో మీ పత్రిక ఎవరినైనా బలపరుస్తోందో లేదో ఒక వాక్యం రాయండి. బలపరుస్తుంటే ఎందుకో సంపాదకీయంలో చదువుతాం. బలపరచడం లేదంటే, ఆ మాటను పట్టుకుని మీ వార్డు వార్తలు కొలుస్తాం.

ఈ ఉత్తరంలో చెప్పినవాటిలో మీకు సమ్మతం కానివి ఉంటే అవి ఏవో, ఎందుకో అచ్చులోనే రాయండి. దానికీ సంపాదకీయం పేజీయే సరైన చోటు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక పంచాయతీ ఓటరు